పొట్టి పిడి పార

పోయిన చలికాలం దోహాలోని ఒక మ్యూజియంలో మూడు నెలలు ఇంటర్న్‌గా పనిచేశాను. అప్పుడక్కడ చికానోల ఉద్యమం మీద ప్రదర్శన తయారవుతోంది. చికానోలంటే మెక్సికో మూలాలున్న అమెరికన్లు. పొలం కూలీల హక్కుల కోసం, పిల్లల చదువుల కోసం రోడ్డెక్కినవాళ్ళు. అదే ఊళ్ళో అల్ సద్ పేటలో నర్సుగా చేసే మా అమ్మ, "వాళ్ళ గొడవ ఇక్కడెవరు చూస్తారే?" అంది.

నాకప్పగించిన వస్తువుల్లో కాలిఫోర్నియా పొలాల్లో వాడిన పార ఒకటి. దాని లేబుల్ నేనే రాయాలి. ఆరు వాక్యాలు రాసి మురిసిపోయాను.

వస్తువులు అమర్చే ఆయనది జగిత్యాల వైపు. యాభైకి దగ్గర్లో ఉంటారు. గ్లవ్స్ వేసుకుని పెట్టెలోంచి పార తీసి, అటూ ఇటూ తిప్పి చూశారు.

"పిడి ఇరిగిందా మేడం? గింత పొట్టిగున్నది."

"విరగలేదండీ. కావాలనే అలా చేయించారు. ఎవరైనా నడుమెత్తితే పని ఆపారని మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోయేదట. కూలీలు పోరాడాక దాన్ని నిషేధించారు."

ఆయన పిడిని జానతో కొలిచారు. "మా అమ్మ పసుపు చేన్ల గిట్లనే ఒంగి కలుపు తీస్తుండె," అన్నారు. తర్వాత పార తగిలించాలని గోడ మీద నేను పెన్సిల్‌తో పెట్టిన గుర్తు వైపు చూశారు. అది ఆయన తలకన్నా ఎత్తులో ఉంది.

"గంత మీద పెడితే ఎవలకు సమజైతది బిడ్డా? కింద పెట్టాలె. సూసెటోడు ఒంగాలె."

ఆ మాట క్యూరేటర్‌కి చెప్పాను. ఆవిడ తాతలు అలాంటి పొలాల్లోనే పనిచేశారట. వచ్చి, పారను నేల దగ్గర పట్టుకోమని ఆయనకు చెప్పి, తను వంగి చూశారు. లేచి, "యల్లా, కానివ్వండి, కిందికి దించండి," అన్నారు. ఆ సాయంత్రం నా ఆరు వాక్యాలను మూడు చేశాను. బాధేమీ అనిపించలేదు.

ప్రదర్శన తెరిచాక ఒక శుక్రవారం, ఆయన తానుండే లేబర్ క్యాంప్ నుంచి ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకొచ్చారు. పార గురించి ఆయనే వాళ్ళకంతా చెప్పుకొచ్చారు. నేను దూరంగా ఉండిపోయాను. పోస్టర్ల దగ్గరికొచ్చాక చెయ్యి ఊపి పిలిచారు.

"బిడ్డా, గీడ ఏం రాసిండ్రో జర చెప్పు."

లేబుళ్ళన్నీ అరబిక్‌లో, ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక్కో పోస్టరూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. నా గోదావరి యాసకు స్నేహితుల్లో ఒకాయన నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. కూలీలకు మద్దతుగా ద్రాక్షపళ్ళు కొనొద్దని జనాన్ని అడిగే పోస్టర్ దగ్గర రెండో ఆయన ఆగాడు.

"కొనుడు బంద్ వెడితే గెలిచిండ్రా?"

"గెలిచారండీ. చాలా ఏళ్ళు పట్టింది."

మొత్తం చూసేసరికి సాయంత్రమైంది. బయటికొచ్చాక ముగ్గురూ పట్టుబట్టి నాకు యాలకులేసి చిక్కగా మరిగించిన కరక్ చాయ్ తాగించారు.