బోణీ బేరానికి బలైన కాలిక్యులేటరు

రామచంద్రపురంలో భూములు కొలిచే ప్రైవేటు సర్వేయరు జోగేశ్వరరావు గారింట్లో, కొన్న ప్రతి వస్తువు తాలూకు రసీదూ, గ్యారంటీ కాగితమూ ఏళ్లవారీగా కట్టలు కట్టి బీరువాలో ఉంటాయి. అన్నిటికంటే పైకట్టలో ఉండేది ఒక కాలిక్యులేటరు పుస్తకం. ఎనభైల తొలినాళ్లలో కాకినాడ రేవులో ఓడ దిగిన ఇంజనీరు ఒకాయన దగ్గర కొన్న యంత్రం అది. ఎర్రదీపాల అంకెలు. పక్కనున్న సన్నని చీలికలో వేలెడంత అయస్కాంతపు కార్డు పెడితే, లోపలి రబ్బరు చక్రం దాన్ని లాక్కుని, కార్డు మీది ప్రోగ్రామును యంత్రానికి అప్పజెప్పేది.

ఆ ప్రోగ్రాము జోగేశ్వరరావు గారు స్వయంగా రాసుకున్నది. గొలుసు కొలతలూ కోణాలూ నొక్కితే చాలు, ఎంత వంకరటింకర చేనుకైనా విస్తీర్ణం తేల్చేది. పంపకాల వేళ అన్నదమ్ములు మనిషిని నమ్మరు. "మీ చేతి లెక్క వద్దండి, మిషనేం చెబితే అదే" అనేవారు. యంత్రానికి చుట్టాలు లేరు కదా. ఒక వేసవిలో ఆ రబ్బరు చక్రం కరిగి జిగురైపోతే, ఆయనే విప్పి, స్పిరిట్‌తో తుడిచి, సైకిలు వాల్వు ట్యూబు ముక్క తొడిగి మళ్లీ తిప్పారు.

తొంభై ఏడులో మాత్రం బ్యాటరీ చచ్చింది. డొప్పలోని మూడు చార్జింగు సెల్లులూ ఉబ్బి చిలుము కార్చాయి. సోమవారం చిట్టియ్య, బుజ్జిబాబు అనే అన్నదమ్ముల కొబ్బరితోట పంపకం ఉంది. ఇద్దరికీ మాటల్లేవు. మిషను చెప్పిన గట్టుకు కట్టుబడతామని మాత్రం విడివిడిగా ఒప్పుకున్నారు. అందుకే జోగేశ్వరరావు గారు శనివారం తొలిబస్సుకు రాజమండ్రి వెళ్లి, పెద్దిరాజు రేడియో రిపేరు షాపు షట్టరు లేచేసరికి ఎదురుగా నిలబడ్డారు.

"రండి రండి, బోణీ మీదేనండి," అన్నాడు పెద్దిరాజు అగరొత్తి గుచ్చుతూ.

"ఈ కొలత సెల్లులు మూడు కావాలయ్యా."

"అవి హైదరాబాదు నుంచి రావాలండి. సెల్లుల గొడవెందుకు, అడాప్టరు వైరు డైరెక్టుగా అతికేస్తాను. కరెంటున్నంత కాలం తిరుగుండదు."

"కొబ్బరితోటలో కరెంటెక్కడిదయ్యా?"

జోగేశ్వరరావు గారు సంచిలోంచి పుస్తకం తీసి, ఎర్ర సిరాతో గీత గీసుకున్న వాక్యం మీద వేలు పెట్టారు. "ఇదిగో చూడు. బ్యాటరీ లేకుండా చార్జరు తగిలించకూడదు. వచ్చే ఓల్టేజీని అదుపులో పెట్టేది ఆ బ్యాటరీయే. అది లేకపోతే మొత్తం చిప్పుల మీద పడుతుంది."

"అలా రాయకపోతే వాళ్ల బ్యాటరీలు ఎవరు కొంటారండీ?"

"సరే, కాకినాడలో చూసుకుంటాను. ఇలా ఇచ్చెయ్యి."

పెద్దిరాజు మొహం వాడిపోయింది. "బోణీ బేరం వెనక్కి పోతే ఇవాళంతా ఈగలు తోలుకోవాలండి. పోనీ, లోపల చిలుమైనా తుడవనివ్వండి. మీరలా కాఫీ తాగి రండి."

మనిషికి కాదని చెప్పగలరు గానీ, బోణీకి కాదనడం ఆ వీధిలో ఎవరికీ చేతకాదు. ఆయనకూ చేతకాలేదు.

"తుడవడమే. సోల్డరింగు జోలికి పోవద్దు."

"పోనండి."

కాఫీ తాగి వచ్చేసరికి యంత్రం పొట్టలోంచి నల్లవైరు వేలాడుతోంది. అడాప్టరు ప్లగ్గులో ఉంది. అంకెలు ఎన్నడూ లేనంత ఎర్రగా మండుతున్నాయి. ఆయన ఒక్క అంగలో వెళ్లి స్విచ్చి ఆపేశారు. అడాప్టరును ప్లగ్గులోంచి పీకేశారు. షాపులోని కొత్త పెన్సిలు సెల్లులు డొప్పలో ఇమడకపోయినా, పరీక్షకని తుడిచిన పట్టీల మీద అదిమిపట్టి కార్డు పెట్టారు. చక్రం కార్డును బుద్ధిగా లాక్కుంది. 'ఎర్రర్' అని వెలిగింది. రెండో కార్డుకూ అదే మాట.

పెద్దిరాజు తొంగిచూసి మీటలు నొక్కాడు. "రెండూ రెండూ నాలుగు. కూడికలు వస్తున్నాయి కదండీ."

"కూడికలు నాకు చిన్నప్పుడే వచ్చయ్యా. వేలు పెట్టి చూపించాను కదా, ఎందుకు చేశావు?"

"ఊరికే తుడిచి బోణీ అడిగితే బాగోదు కదండీ."

నియమం తెలియక చేసిన తప్పైతే నేర్పవచ్చు. మర్యాద కొద్దీ చేసిన తప్పును ఏమనాలి? చివరికి బోణీ కూడా ఆయనే చేశారు. పెద్దిరాజు ఆ నోటును కళ్లకద్దుకున్నాడు.

సోమవారం తోటలో ఆయన లాగరిథం పట్టికలు ముందేసుకుని, చేత్తో లెక్కకట్టి, మళ్లీ సరిచూసి కాగితం చాచారు. చిట్టియ్య అందుకున్నాడు. బుజ్జిబాబు చేతులు కట్టుకునే ఉన్నాడు.

"మిషనేదండీ?"

"ప్రోగ్రాములు దాచుకునే చిప్పు కాలిపోయింది. లెక్క అదేనయ్యా, మిషనుకు నేర్పింది నేనే."

"మీరు నేర్పారు కాబట్టే అడుగుతున్నానండి. అన్నయ్య కాగితం అంత తొందరగా అందుకున్నాడంటే..." అని ఆగి, "వేరే సర్వేయరును చూసుకుంటామండి. ఏమీ అనుకోకండి," అన్నాడు.

సెల్లులు తరవాతి వారం కాకినాడలోనే దొరికాయి. డొప్పలో చక్కగా ఇమిడాయి. యంత్రం కూడుతోంది, తీసివేస్తోంది. రసీదు కట్టలో చేరింది.

ఇప్పటికీ ఆయనకు రాజమండ్రిలో పని పడితే తొలిబస్సుకే వెళతారు. వెళ్లాల్సిన షాపు ఏదైనా, తెరిచిన వెంటనే లోపలికి పోరు. ఎదుటి అరుగు మీద సంచి ఒళ్లో పెట్టుకుని, ఇంకెవరైనా వెళ్లి బోణీ చేసి వచ్చేదాకా కూర్చుంటారు.