వసూలువాడి పని నేనే చేసిపెట్టిన వైనం

భయం మనిషి చేత చేయించని పని లేదు. నా చేత ఏకంగా శత్రువు ఉద్యోగమే చేయించింది. చదివి నవ్వుకోండి గానీ, ఆ రోజు నేను పడ్డ భయం మాత్రం అబద్ధం కాదు.

చాంద్రాయణగుట్టలో మా పాల దుకాణానికి బ్యాంకు అప్పు మీద ఒక ఫ్రీజర్ కొన్నాను, బాపుకు చెప్పకుండా. బుద్ధెరిగాక ఎవరికీ పైసా బాకీ పడని మనిషి మా బాపు. వానాకాలం ఐస్‌క్రీములు ఎవరూ కొనక రెండు కిస్తులు తప్పాయి. ఒక పొద్దున బ్యాంకు వసూలువాడు ఫోన్ చేశాడు.

"సాయంత్రంకల్లా పైసలు కట్టు. లేకుంటె నీ చుట్టాలకు, గిరాకీలకు, మీ బాపుకు, అందరికి ఫోన్ జేసి నీ ఇజ్జత్ తీస్త. సమజైందా?"

"అన్నా, నాలుగు రోజులు..."

"అన్న లేడు, గిన్న లేడు. సాయంత్రం!"

పాలు కొలుస్తూ సగం గల్లాపెట్టె మీద పోశాను. ఈ సంగతి బాపు చెవిన పడితే ఆయన మొహం ఎలా చూడను? అప్పుడు తట్టింది, నా జన్మకంతటికీ గొప్ప ఉపాయం. వాడికంటే ముందు నేనే అందరికీ ఫోన్ చేసి, వాడి మాట నమ్మొద్దని చెప్పేస్తే?

మొదట సైదాబాద్‌లో ఉండే మేనమామకు చేశాను.

"మామా, నేను బాకీ ఉన్ననని ఎవడన్న ఫోన్ జేస్తె నమ్మకు. బాపుకైతె అస్సలు చెప్పకు."

"ఎంత బాకీరా?"

"అసలు బాకీనే లేదు మామా!"

"లేని బాకీకి గింత ఫికర్ ఏందిరా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. నన్నైతే ఎవరూ అడగనేలేదు, నేనే ఇంటింటికీ భుజాలు చూపించి వచ్చాను. అత్తకు, బావమరిదికి, పాలు పోయించుకునే ప్రతి ఇంటికీ చేశాను. మొఘల్‌పురా టీ హోటల్ భాయ్ పాపం, "ఫికర్ నక్కో భాయ్, ఎవ్వరికి చెప్ప" అన్నాడు. ఫోన్ స్పీకర్లో ఉందని తర్వాత తెలిసింది.

సాయంత్రం బాపు దుకాణానికి వచ్చాడు. మామ చెప్పేశాడని నడక చూస్తేనే అర్థమైంది. నా చెయ్యి పట్టుకుని వీధి చివర వకీలు మేరీ అక్క ఇంటికి తీసుకెళ్ళాడు. తిట్టినా బాగుండేది, నాకు ఏడుపొచ్చింది.

"బాకీ కట్టాల్సిందే," అంది మేరీ అక్క, "కానీ గట్ల బెదిరించుడు, చుట్టాలల్ల ఇజ్జత్ తీసుడు రూల్స్‌కు ఖిలాఫ్. ముందుగాల బ్యాంకుకు ఫిర్యాదు రాద్దాం. వాళ్ళు వినకుంటె బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఉన్నడు. చెప్పు, వాడు ఎవరెవరికి ఫోన్ జేసిండు?"

"ఎవ్వరికి చెయ్యలే అక్కా."

"మరి బస్తీ మొత్తానికి ఎట్ల తెలిసింది?"

బాపు అందుకున్నాడు.

"మావోడే చేసిండు బిడ్డా. వీని మీద గూడ ఒకటి రాయి."

ఆ ఫిర్యాదుతో బెదిరింపులు ఆగాయి. కిస్తులు మెల్లగా తీర్చేశాను. ఇప్పుడు పాలక్యాను మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట ఎవడైనా నా పరువు తీస్తానంటే ఆ కష్టమంతా వాడినే పడనిస్తాను. జీతం లేకుండా నేను మాత్రం చేసిపెట్టను.