అవ్వ నడుము మీద నల్ల మచ్చ

రాచర్ల దగ్గర ఒక ఊళ్లో ఏడాదిన్నర ఉన్నాను. అక్కడ బోర్లెండిపోయి బత్తాయి తోటలు కొట్టేశారు. ఆ చేలు బీడు పడి సర్కారు తుమ్మ కమ్ముకుంది. తుమ్మ కింద ఎలుకలు, ఎలుకల చెవుల్లో కంటికి ఆనని పురుగులు. ఆ పురుగు మనిషిని కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. ఏ బీడులో ఆ పురుగులెక్కువ, ఎవరికి జ్వరం వస్తోంది, ఇదీ నా పరిశోధన. ఊళ్లో వాళ్లకు మాత్రం నేను ఎలకల మేడమ్‌ని. బోన్లు పట్టుకుని బయల్దేరితే, "ఈ పొద్దు కూరేంది మేడమ్?" అని ఆటపట్టించేవాళ్లు.

అద్దెకున్నది ఒక అవ్వ ఇంట్లో. ఆమె కొడుకు జీవాల్ని తోలుకుని అడివి వైపు పోతే వారం పది రోజులకు గానీ రాడు. నేను అన్నం తినకుండా రాసుకుంటూ కూర్చుంటే అవ్వ ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టేది. మా అమ్మ కూడా నన్నంత గారాబం చెయ్యలేదు.

వెళ్లిన కొత్తలో ఒకరోజు అవ్వ మోకాళ్ల నొప్పులని పసుపుకొమ్ము కాల్చి రెండు వాతలు పెట్టించుకుని వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "బుద్ధుందా అవ్వా నీకు? ఇంకోసారి వాత పెట్టించుకుంటే నీ ఇంట్లో నీళ్లు కూడా తాగను" అని అరిచాను. "కోప్పడగాకు పాపా, ఇంక పెట్టించుకోను" అంది, తప్పు చేసిన చిన్నపిల్లలా.

వానలు పడ్డాక అవ్వ రోజూ బీడులోకి పోయి గొర్రెపిల్లలకు గడ్డి కోసుకొచ్చేది. పురుగులెక్కువని నా మ్యాపులో నేనే ఎర్ర రంగు వేసిన బీడు అది. పోవద్దని ఒకటి రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. అక్కడ తప్ప పచ్చగడ్డి ఎక్కడా లేదు మరి.

ఒకరోజు అవ్వకు జ్వరం వచ్చింది. మాత్రలిచ్చాను. మూడో రోజు తడిబట్టతో ఒళ్లు తుడుస్తుంటే, చీర ముడి దగ్గర, నడుము మీద, గుండ్రంగా నల్లగా కాలినట్టు మచ్చ కనిపించింది. చుట్టూ ఎర్రగా కందింది.

"మళ్లీ పెట్టించుకున్నావు కదూ?"

"ఏంది పాపా?"

"వాత."

"లేదు పాపా. నేను యాడికీ పోలేదే."

"నా కళ్లెదురుగా ఉంటే అబద్ధమాడతావా?" అన్నాను. చెప్పకూడని మాటలు ఇంకా చాలా చెప్పాను. తర్వాత రెండు రోజులు మాత్రలిచ్చాను, జావ కాచి పెట్టాను, ఒక్క మాట మాట్లాడలేదు. అవ్వ నా మొహం వంక చూడటం, నేను తల తిప్పుకోవడం.

ఐదో రోజు పొద్దున అవ్వ మాట తడబడింది. నన్ను గుర్తుపట్టక, మీరెవరని అడిగింది. కొడుక్కి ఫోన్ చేసి, ఆటోలో వేసుకుని గిద్దలూరు పరుగెత్తాను. దారంతా అవ్వ తల నా ఒళ్లోనే ఉంది.

డాక్టరు మచ్చ చూసి, "ఇది ఎన్నాళ్లయింది?" అన్నాడు.

"అది వాత సార్" అన్నాను.

ఆయన వేలితో మచ్చ చుట్టూ తడిమి, "వాత కాదమ్మా, పురుగు కుట్టిన చోటు. స్క్రబ్ టైఫస్. ఈమె గానీ గడ్డికి పోతుందా?" అని అడిగాడు.

నా ల్యాప్‌టాప్‌లో అలాంటి మచ్చల ఫొటోలు ఎన్ని ఉన్నాయో! ఊళ్లో ఆశా కార్యకర్తలను కూర్చోబెట్టి, చీర ముడి దగ్గర, చంకల్లో వెతకండి, నొప్పుండదు, కాలినట్టుంటుంది అని పాఠం చెప్పింది నేనే. అవ్వ ఒంటి మీద చూసినప్పుడు మాత్రం, ఈ ఊరివాళ్లింతే, ఎంత చెప్పినా వాతలు మానరు అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మందు పడ్డ మూడో రోజుకు జ్వరం దిగింది. కొడుకు టీ తేవడానికి బయటికి పోయినప్పుడు నేను అవ్వ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. "తప్పు నాది అవ్వా. అది పురుగు కుట్టిన మచ్చ. నువ్వు చెబుతూనే ఉన్నావు, నేనే నమ్మలేదు."

అవ్వ రెండో చేత్తో నా కళ్లు తుడిచింది.

"నేను పెట్టించుకోలేదనే అనుకుంటి పాపా. నువ్వు అంత గట్టిగా చెప్పేసరికి, జ్వరంలో యాడన్నా పోయి పెట్టించుకుని మర్సిపోయినానేమో అనుకున్నా. సదువుకున్న పిల్లవి, నీకు తెలవదా అని."

"నువ్వు పెట్టించుకోలేదవ్వా" అన్నాను.

"నిజంగానా పాపా?" అని నన్నే అడిగింది.