వెనక మెట్ల మీది దీపాలు

పిల్లలూ, ఆ డాన్స్ స్కూలుకి ఎందుకు వెళ్లడం మానేశావని మొన్న ఫోన్‌లో అడిగారు. అప్పుడు చెప్పబుద్ధి కాలేదు. ఇప్పుడు చెబుతాను.

ఇక్కడ జర్మనీలో, మా బ్యోబ్లింగెన్ ఊళ్లో, ఆఫీసులున్న ఒక బిల్డింగ్‌లో రెండో అంతస్తు అద్దెకి తీసుకుని మన తెలుగమ్మాయి ఒకతె ఆ స్కూలు పెట్టింది. కరీంనగర్ వైపు పిల్ల. సాయంత్రాలు వెళ్లి పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేదాన్ని. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. సకినాలు చేస్తే ముందు నా డబ్బా నింపేది.

"పెద్దమ్మా, మీరు కరెంటాఫీసుల ఇంజనీర్ జేసిన్రు గదా. వెనక మెట్లకు లైట్లు మీరే చెప్పున్రి," అంది.

ఏదైనా ప్రమాదం వస్తే పిల్లలు వెనక తలుపులోంచి బయటికొచ్చి, ఇనప మెట్లు దిగి, చెత్త డబ్బాల పక్కనుంచి కార్లు పెట్టే చోటికి చేరాలి. కరెంటు పోయినా ఆ దారంతా వెలుగుండాలి. మోకాళ్ల నొప్పితోనే రెండు రోజులు ఎక్కి దిగి చూశాను. తలుపు పైన ఒకటి, మెట్లు మలుపు తిరిగే చోట ఒకటి, డబ్బాల మూల ఒకటి. క్యాలెండర్ కాగితం వెనక బొమ్మ గీసి, కింద రాశాను: "బయట పెట్టే రకమే కావాలి. వాన నీళ్లు దూరకూడదు. గడ్డకట్టే చలిలోనూ బ్యాటరీ పనిచేయాలి." ఆ కాగితాన్ని తను ఫోన్‌లో ఫొటో తీసుకుంది.

ఆ రకం రావడానికి నెల పడుతుందన్నారు షాపువాళ్లు. దసరా ఇంకో వారమే ఉంది.

"విజయదశమి దాటితే ఎట్ల పెద్దమ్మా? పిల్లలతోని తొలి అడుగు ఆ రోజే ఏయించాలె. ఇప్పటికి లోపల పెట్టేటివి బిగిస్త. పండుగైనంక మారుస్త."

మంచి రోజు పోతుందని నాకూ అనిపించింది. సరేనన్నాను.

దీపావళి వెళ్లాక అడిగాను. "దీపాలు మార్చావా అమ్మా?"

"ఎప్పుడో మార్చిన పెద్దమ్మా. గీ మోకాళ్లతోని మల్ల ఎక్కి చూస్తరా? కూసోన్రి, చాయ్ తాగున్రి."

చాయ్ తాగి వచ్చేశాను.

జనవరిలో ఒక సాయంత్రం క్లాసు మధ్యలో కరెంటు పోయింది. ఇక్కడ చలికాలంలో ఐదింటికే చీకటి. పిల్లల్ని వెనక తలుపులోంచి దింపుతున్నాం. దీపాలు ఒక్కసారి మినుకుమని ఆరిపోయాయి. ముందు నడుస్తున్న ఏడేళ్ల పిల్ల మంచు మీద జారింది. దాని కాళ్ల గజ్జెలు కింది మెట్టు దాకా మోగాయి. మణికట్టు విరిగింది.

మర్నాడు బిల్డింగ్ చూసుకునే హౌస్‌మైస్టర్ ఒక దీపం ఊడదీసి బల్ల మీద పెట్టాడు. గదుల్లో పెట్టే రకం, దసరాకి బిగించినదే. ఈ రకం ఎవరు ఎంచారని అడిగాడు. నాకు జర్మన్ రాదనుకుంది కాబోలు, డాన్స్ నేర్పే పిల్ల నా వైపు చెయ్యి చూపించి జర్మన్‌లో అంది: "ఈవిడ. ఇంజనీరు. ఈవిడ చెప్పినవే పెట్టాను."

కూరగాయలు కొనుక్కునేంత జర్మన్ నాకు వచ్చు. ఆ మాట అర్థం కావడానికి అది చాలు.

పక్కన, మణికట్టు విరిగిన పిల్ల తల్లి కూర్చుని ఉంది. ఆమె నావైపు తిరిగి చూసింది. సంచీలోంచి క్యాలెండర్ కాగితం తీసి ఆమె చేతికిచ్చాను. తెలుగులో రాసింది కదా, హౌస్‌మైస్టర్‌కి ఆమే చదివి చెప్పింది.

"నన్ను గిట్ల పట్టిస్తరా పెద్దమ్మా?" అని ఏడ్చింది డాన్స్ నేర్పే పిల్ల. అప్పుడు కూడా పెద్దమ్మా అనే.

దీపాలు ఆ వారమే మారాయి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నా కళ్లతో చూడకుండా ఏ పనీ అయిపోయిందని రాయలేదు. ఇక్కడ పెద్దమ్మా అన్న పిలుపొకటి విని, వెళ్లి దీపాన్ని పరీక్షించే బటన్ నొక్కి చూడలేదు. ఆ తర్వాత మళ్లీ అక్కడికి వెళ్లలేకపోయాను.

కట్టు విప్పాక ఆ పిల్లని వాళ్లమ్మ మా ఇంటికి తీసుకొచ్చింది. అరచెయ్యి పైకి తిప్పమన్నాను. సగం తిరిగి ఆగిపోయింది. నా మొహం చూసి, నొప్పేం లేదని జర్మన్‌లో చెప్పింది.