రెండు పెంకులతో కొండమీది బంగళాకి

అరకు వెళ్ళేవాళ్ళు స్వెట్టరు తీసుకెళ్తారు. నేను ఈసారి రెండు పెంకులు తీసుకెళ్ళాను. కారణం ఉంది.

అరకు దాటాక జీపు దిగి కాలిబాటన కొండెక్కితే తెల్లవాళ్ళ నాటి ముసాఫరు బంగళా ఒకటుంది. రాతి పునాది, మట్టిగోడలు, సున్నపు పూత, పైన పెంకుల కప్పు. ఊరివాళ్ళే దాన్ని కాపాడుకుంటూ వచ్చినవాళ్ళకు బస ఇస్తున్నారు. పోయిన చలికాలం అక్కడున్నాను. కోతులు పెంకులు పగలగొడుతున్నాయని, వానొస్తే గోడ నానిపోతుందని బంగళా చూసుకునే దాలమ్మ బెంగపడింది. చందా ఇస్తానంటే వద్దంది. "మోసేవోల్లే లేరమ్మా. మల్లీ వొచ్చినప్పుడు రెండు పెంకులు తే, సాలు."

నేను మాటమీద నిలబడే మనిషిని. జూన్ మొదట్లో, పొద్దున్నే విశాఖలో కిరండూల్ పాసింజరెక్కాను. కుడివైపు కిటికీ పట్టుకోండి, లోయంతా అటే కనిపిస్తుంది. పాత చీరలో చుట్టిన పెంకులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఎదుటి సీటులో శృంగవరపుకోట పెద్దావిడ కొత్తవలస దాకా ఓర్చుకుంది.

"ఏటమ్మా, పసిగుంటని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావు. ఏటది?"

"పెంకులండీ. పాత బంగళా కప్పుకి."

"రెండు పెంకుల్తో బంగళా నిలబడిపోద్దేటి?"

"అందరూ ఇలా అడగబట్టే పడిపోతున్నాయి" అన్నాను. ఆవిడ నవ్వి, నా చేతిలో రెండు పనసతొనలు పెట్టి తన స్టేషన్లో దిగిపోయింది.

సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు. పదకొండు దాటాక అరకు. స్టేషను బయట భోజనం చేసి, షేర్ జీపులో కొండ కిందకి చేరాను. బాట మొదట్లో పెంకుల గుట్ట ఒకటి కనిపించింది. ఎవరివో అనుకుని నా మూటతో ఎక్కేశాను.

దాలమ్మ మూట విప్పి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇయ్యి బెంగుళూరు పెంకులమ్మా, పలక పెంకులు. మన కప్పుకి గూనపెంకులు. కింద గుట్ట సూళ్ళేదా? అందులోయి రెండు తెమ్మన్నాను."

"ఆ మాట అప్పుడే చెప్పాల్సింది. పెంకంటే పెంకే కదా, ఓ మూల సర్దలేవా?"

"నాను సర్దినా వాన ఊరుకోదు. పెంకులు తెచ్చినావో, పెంకితనం తెచ్చినావో."

కోపం రాబోయి నవ్వొచ్చింది. కానీ నవ్వుతూ కూర్చునే వేళ కాదు. కప్పులో ఒక మూల ఇంకా ఖాళీగా ఉంది. దాలమ్మ భర్త తప్ప ఊరివాళ్ళంతా దుక్కుల్లో ఉన్నారు. ఎదుటి కొండమీద మబ్బు దిగుతోంది. ఇవాళ ఆ మూల మూయకపోతే రేపటికి అక్కడి గోడ ఉండదు.

నేను కిందికి దిగాను. వ్యానులో పిక్నిక్ జనం వచ్చి ఉన్నారు. ఒకాయన కోతులకు చిప్సు విసురుతున్నాడు.

"ముందు ఆ ప్యాకెట్టు మూయండి. చిప్సుకి మరిగే కోతులు ఇక్కడ చేరి పైన కప్పు పీకుతున్నాయి. మూసి, తలా రెండు పెంకులు తీసుకోండి."

"మేం చూడ్డానికొచ్చాం మేడం, కూలికి కాదు."

"చూడ్డానికి బంగళా ఉండాలిగా? ఫోన్ ఎత్తే చెయ్యి పెంకు ఎత్తలేదా?"

ఆయన భార్యే ముందు వంగింది. "పట్టండి. ఈవిడ మనల్ని వదిలేలా లేదు."

అందరం రెండేసి విడతలు మోశాం. నా మోకాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి చెప్తున్నాయి. దాలమ్మ భర్త కప్పుమీద కూర్చుని ఒకదాని మీదొకటి పేర్చుకుంటూ పోయాడు. వెళ్ళేముందు చిప్సాయన కప్పుకేసి చూపించి, "అదిగో, ఆ చివరిది నాది" అన్నాడు. కాదనలేదు. మోశాడు మరి.

దీపాలవేళకు వాన దంచింది. వెళ్ళి ఆ మూల గోడ తడిమి చూశాను. పొడిగా ఉంది. చోడి అంబలి, చింతపండు పచ్చడి తిని హాయిగా పడుకున్నాను.

పొద్దున్న బయల్దేరుతుంటే దాలమ్మ దారి దాకా వచ్చింది. "మల్లీ వొచ్చినప్పుడు ఏటీ తేకు. ఆ నోరొకటి తెచ్చుకో, సాలు."

తిరుగు రైల్లో పక్కాయన అరకులో ఏం చూశారని అడిగాడు. "కప్పు" అన్నాను. జలపాతం చూడనందుకు జాలిపడ్డాడు. నాకు లోటేమీ అనిపించలేదు.

మీరూ వెళ్ళండి. ఆ బంగళాలో ఒక రాత్రి ఉండండి, అక్కడే తినండి, కోతులకు ఏమీ పెట్టకండి, గోడమీద మీ పేరు గీకకండి. కింద గుట్టలోంచి రెండు పెంకులు మోయండి. మీ ఊళ్ళోంచి మాత్రం మోసుకెళ్ళొద్దు. నేను మోసినవి రెండు కుళాయి దగ్గర పరిచి ఉన్నాయి. వాటిమీద నిలబడి కాళ్ళు కడుక్కోండి, జారవు.