చిన్నమ్మ వెతికి తెచ్చిన ముఖం

నా చిన్నప్పుడు మా ఇంట్లో బతికున్నవాళ్ళకంటే పోయినవాళ్ళకే మర్యాద ఎక్కువ. కొత్త చీర వస్తే ముందు మా అమ్మకు పెట్టాలి. పూలు కోస్తే ముందు మా అమ్మకు చూపించాలి. మా అమ్మ అంటే అప్పటికి ఒక వెండి బిళ్ళ. ఆమె నా తర్వాతి కాన్పులో బిడ్డతోపాటు పోయింది. ఏడాది తిరగకముందే మా నాయన రెండో పెళ్ళి చేసుకున్నాడు. మా వైపు ఆ రోజుల్లో రెండో పెళ్ళాంగా వచ్చిన మనిషి మెడలో తాళితోపాటు మొదటామె పేరున ఒక బిళ్ళ కూడా కట్టేవాళ్ళు. సవతి బిళ్ళ అనేవాళ్ళు. కొత్తది ఏది వచ్చినా ఆ బిళ్ళకు తాకించి, నీ తర్వాతే నేను అనుకుని, ఆ పైన తాను వాడుకోవాలి. మరిచిపోతే పోయినామెకు కోపం వస్తుందని నమ్మకం.

మా చిన్నమ్మ ఆ బిళ్ళతోనే మా ఇంట్లో అడుగుపెట్టింది. ఆమె పుట్టిల్లు గుడిబండె. వచ్చేనాటికి ఆమెకు పదహారో పదిహేడో ఉంటాయి, నాకు ఆరేళ్ళు. మా ఊరు దిబ్బూరహళ్ళికి దగ్గర. రాగులూ చెనిక్కాయలూ పండేవి, గట్ల మీద చింతచెట్లుండేవి. ఇంట్లో పెత్తనమంతా మా అవ్వది, అంటే నాయన తల్లిది. నాయన మాట తక్కువ మనిషి. అమ్మ పోయాక ఆ తక్కువ కూడా లేకుండా పోయింది.

చిన్నమ్మ వచ్చిన కొన్నాళ్ళకు నాకు రాత్రిళ్ళు ఏదో కనిపించడం మొదలైంది. రాగుల గాదె పక్కన మనిషి మాదిరి ఒకటి కూర్చుని ఉండేది. జుట్టు తడిగా ఉండేది. కదిలేది కాదు, మాట్లాడేది కాదు, నా వైపు తిరిగి ఉండేది. అరిచి లేచేదాన్ని. పక్క తడిపేదాన్ని.

అవ్వ ప్రతిసారీ ఒకటే అడిగేది, "ఎవురే అది, మీయమ్మేనా?" అని. మొదట్లో తెలీదన్నాను. తెలీదంటే మళ్ళీ అడిగేది. ఒకరోజు విసుగొచ్చి తల ఊపాను. ఊపగానే అవ్వ నన్ను ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది, నోట్లో బెల్లంముక్క పెట్టింది. ఆ తర్వాత ఎప్పుడడిగినా తల ఊపుతూనే వచ్చాను. అబద్ధమాడుతున్నానని నాకు తెలీదు. పెద్దావిడ దానికి పేరు పెట్టింది, నేను ఊ అన్నాను, అంతే.

ఆ ఊ కింద నలిగింది చిన్నమ్మ. గౌరి పండగనాడు ఆమె బిళ్ళకు చూపించకుండా పూలు పెట్టుకుందనీ, అందుకే పోయినామె పిల్ల మీదికి వస్తోందనీ అవ్వ తేల్చేసింది. చూపించినానత్తా అని చిన్నమ్మ అంది. చూసినవాళ్ళు ఎవరూ లేరు. శుక్రవారాలు పస్తుండమన్నారు, ఉండింది. నా చేతికి తాయెత్తు కట్టించారు. నేను అరవడం మానలేదు. చిన్నమ్మ ఏ పని చేస్తున్నా అవ్వ వెనకనుంచి ఒక మాట విసిరేది. "నా కోడలు పోయినా ఈ ఇల్లు ఇడిసిపెట్టలేదు. నువ్వొచ్చినా ఇది నీ ఇల్లు కాలేదు" అనేది. చివరికి ఒకరోజు, శివరాత్రిలోపల పిల్ల బాగుపడకపోతే నిన్ను పుట్టింట్లో వదిలిపెట్టి వస్తామని చెప్పేసింది.

అది ఉత్త బెదిరింపు కాదు. మొగుడి ఇంటినుంచి తిరిగొచ్చిన ఆడపిల్ల పుట్టింటి గడప లోపల ఉంటే ఆమె వెనక పుట్టినవాళ్ళకు సంబంధాలు రావు. చిన్నమ్మకు పెళ్ళీడుకొచ్చిన చెల్లెలుంది. మాటలు కూడా నడుస్తున్నాయి.

ఒక మధ్యాహ్నం చిన్నమ్మ చెనిక్కాయలు ఒలుస్తూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఎవరూ అడగనిది ఆమె అడిగింది.

"అది ఎవురని నేనడగను. ఎట్లుండాదో చెప్పు."

కూర్చుంటే ఎంత ఎత్తుందో చెప్పాను. చేతులు మోకాళ్ళ చుట్టూ పెట్టుకుంటుందని చెప్పాను. గాజులున్నాయా అంటే లేవన్నాను. చెప్పేకొద్దీ, అడిగేకొద్దీ, పట్టపగలు దాన్ని గురించి మాట్లాడటం నాకు బాగానే ఉంది. మొగం ఎట్లుండాదని అడిగినప్పుడు మాత్రం ఆగిపోయాను.

"మొగం లేదు చిన్నమ్మా."

ఆమె చేతిలోని కాయ కింద పెట్టింది. "మరి మీయమ్మ మొగం ఎట్లుండేది?" అంది.

నాకు ఏడుపొచ్చింది. గుర్తులేదు. అమ్మ పోయి రెండేళ్ళు కూడా కాలేదు, ఆమె చెయ్యి గుర్తుంది, చీర కొంగు గుర్తుంది, ముఖం పోయింది. ఫొటో అనేది మా ఊళ్ళో ఎవరింట్లోనూ లేదు. బిళ్ళ మీద చూద్దామంటే కంసాలి గీసిన రెండు గీతలు, అవే కళ్ళు. రాయడం వచ్చినవాళ్ళయితే రాసిపెట్టుకునేవాళ్ళేమో. నాకు అక్షరాలు వచ్చింది మనవరాళ్ళు పుట్టాక. కన్నతల్లి ముఖం మరిచిపోయానని తెలిస్తే కొడతారనుకుని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

చిన్నమ్మ నా ముక్కు తుడిచింది. "ఎవురికీ చెప్పొద్దులే. నేను కనుక్కొస్తా" అంది.

కనుక్కోవడమంటే సుళువు కాదు. రెండో పెళ్ళాం వాకిలి వాకిలీ తిరిగి మొదటామె ఎట్లా ఉండేదని అడగాలి. పక్కింటి అక్క మా అమ్మకు చెలికత్తె మాదిరి, ఆమె అడిగినదానికి నెమ్మదిగా చెప్పింది. బావి దగ్గర ఆడవాళ్ళు ఊరుకుంటారా. నీళ్ళ బిందెలు పక్కన పెట్టి మరీ ఆడుకున్నారు.

"ఏమ్మా, సవతి అందం కొలుస్తాండావా? నీకంటే బాగుండేదిలే, ఏడవాకు."

చిన్నమ్మ వాళ్ళతోపాటు నవ్వింది. "బాగుండేదని తెలుసు. యాడ బాగుండేదో చెప్పండమ్మా. కన్నా, ముక్కా?" అని అడిగింది. నేను ఆమె కొంగు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఎగతాళి మధ్యలో ఒకరు నుదురు చిన్నదన్నారు. ఇంకొకరు పంటి మీద పన్ను ఉండేదన్నారు. ఇంటికి వచ్చే దోవలో ఆమె నవ్వలేదు.

రోజూ దీపం పెట్టేముందు నాకు ఒక్కటే చెప్పేది. ఈరోజు చెవులు. బరువు కమ్మలకు ఎడమ చెవి రంధ్రం సాగిపోయి ఉండేదట. మర్నాడు కనుబొమ్మ. చిన్నప్పుడు దూడ కొమ్ము తగిలి కుడివైపు చిన్న గీత ఉండేదట. ఇంకొకటి చెప్పమని మారాం చేస్తే, ఇది బాగా చూసుకో, రేపు ఇంకోటి అనేది. రాత్రి అది వస్తే అరవకుండా ముందు చెవి చూడమంది. చూశాను. భయపడుతూనే చూశాను. కొన్నాళ్ళకు గాదె పక్కన కూర్చున్న మనిషికి చెవి వచ్చింది, కనుబొమ్మ వచ్చింది, చిన్న నుదురు వచ్చింది. చివరికి ఒక రాత్రి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పంటి మీద పన్ను కనిపించకూడదని మా అమ్మ ఎప్పుడూ అట్లాగే నవ్వేదని బావి దగ్గర చెప్పారు. నేను అటు తిరిగి హాయిగా నిద్రపోయాను. పక్క పొడిగా ఉంది.

శివరాత్రి ఇంకా రాలేదు. చిన్నమ్మ గెలిచినట్టే.

ఆ వారమే అవ్వ నాకు తలంటుతూ సంతోషంగా అడిగింది, "పోయిందా మీయమ్మ?"

"పోలేదవ్వా. దినామూ వస్తాది. పంటి మీద పన్ను కనపడకుండా నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వుతాది."

బాగుపడ్డాననే చెప్తున్నాననుకున్నాను. అవ్వ చేతులు నా తల మీద ఆగిపోయాయి. ఆ పన్ను సంగతి ఆ ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదని ఆమె నమ్మకం. పోయిన కోడలు ఇంట్లోనే కాపురం పెట్టిందని అవ్వ భయపడింది. చిన్నమ్మ లోపలినుంచి వచ్చి, నేనే చెప్పినానత్తా, పిల్ల భయం పోయేదానికి అంది. దాంతో ఇంకా చెడింది. ముఖం వర్ణించి మరీ పిలుచుకున్నావా అని అవ్వ గుండెలు బాదుకుంది. మర్నాడు చిన్నమ్మ చీరలు మూటకట్టారు. నాయన పశువుల కొట్టంలోనుంచి బయటికి రాలేదు. బయలుదేరేముందు చిన్నమ్మ నాకు జడ వేసింది. ఎందుకు పోతోందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. నా మాటవల్లే పోతోందని మాత్రం నాకు తెలుసు.

చిన్నమ్మ పుట్టింటికి పోయాక గాదె పక్కన ఎవరూ రాలేదు. భయమూ రాలేదు, అమ్మా రాలేదు. చెవి తలుచుకున్నాను, కనుబొమ్మ తలుచుకున్నాను, అవి కలవలేదు. తన మాటే నిజమైందని అవ్వ ఊరంతా చెప్పుకుంది.

ఎండలు ముదిరాక నాయన చింతపండు వేసుకుని చింతామణి సంతకు బండి కట్టాడు. ఏమనుకున్నాడో, నన్నూ ఎక్కించుకున్నాడు. దోవలో మూటల మీద పడుకుని ఆయన వీపు చూస్తూ చెప్పాను.

"నాయనా, మొదట వచ్చింది అమ్మ కాదు. అవ్వ అమ్మేనా అంటే ఊ అన్నా."

ఆయన ఎద్దుల్ని ఆపాడు. మళ్ళీ చెప్పమన్నాడు. చెనిక్కాయలు ఒలిచిన రోజునుంచి బావి దగ్గర మాటలదాకా అన్నీ చెప్పాను. ఆయన పగ్గాలు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. తర్వాత, "కనుబొమ్మ మీద గీత. నేను మరిచిపోయినా" అన్నాడు. అంతే, బండి తోలాడు.

సంతనుంచి వచ్చిన మర్నాడు తెల్లవారి మళ్ళీ బండి కట్టాడు. యాడికని అవ్వ అడ్డం నిలబడింది. పిల్లకు తల్లిని తెచ్చేదానికి పోతున్నానన్నాడు. ఆయన తల్లికి ఎదురు చెప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే.

చిన్నమ్మ వచ్చింది. కథయితే ఇక్కడితో అయిపోవాలి. ఆమె గుడిబండెలో ఉన్న ఆ కొద్ది నెలల్లోనే చెల్లెల్ని చూడటానికి పెళ్ళివారు వచ్చారట. పెద్దపిల్ల వంటింట్లో ఎందుకుందని అడిగారట. సంగతి తెలుసుకుని, ఇచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచిపోయారట. మళ్ళీ సరైన సంబంధం రాలేదు. చివరికి పెళ్ళాం పోయిన ఒక పెద్ద వయసాయనకు ఆ పిల్లనిచ్చారు. ఇవన్నీ నేను పెద్దయ్యాక తెలిశాయి. చిన్నమ్మను అడిగితే, "పసిబిడ్డవు. చూసింది చెప్పినావు. చూడనోళ్ళు తీర్పు చెప్పిరి. నీ తప్పేముండాది?" అంది. తప్పు లేదని నాకూ తెలుసు. తెలిసినా బరువు దిగలేదు.

నా పెళ్ళయ్యాక ఒకసారి చిన్నమ్మ చెల్లెలింటికి పోయాను. అప్పటికే ఆమె భర్త పోయాడు. నాకు సంగటి పెట్టి ఎదురుగా కూర్చుంది. చిన్నప్పుడు రాత్రిళ్ళు భయపడేదానివంట కదా, ఇప్పుడు బాగా నిద్రపడుతుందా అని అడిగింది. ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగింది. పడుతుందని చెప్పాను. అది నిజం. అందుకే తలెత్తి ఆమెను చూడలేకపోయాను.

మా ఇంట్లో ఏ పసిబిడ్డ రాత్రి ఉలిక్కిపడి లేచినా ఇప్పటికీ నన్నే పిలుస్తారు. బిడ్డకు కనిపించినదానికి పేరు పెట్టనివ్వను ఎవరినీ. ఎట్లా ఉందో బిడ్డనే చెప్పమంటాను, ఎంతసేపయినా వింటాను. విన్నది గడప దాటనివ్వను. చెప్పుకుని చెప్పుకుని బిడ్డ నిద్రపోతుంది. ఆ తర్వాత, నావల్ల మంచి సంబంధం తప్పిపోయిన ఆ గుడిబండె పిల్లను తలుచుకుంటూ నేను మేలుకుని ఉంటాను.