తాడు అవతలి చక్రాల కుర్చీ

కొండాపూర్ దగ్గర కొత్తగా లేస్తున్న మా ఆఫీసులో చెక్కపని చేసే యాదయ్యను ఈ రోజు స్కూటర్ మీద నగరంలోని మ్యూజియానికి తీసుకెళ్లాను. వెనకటి నాయకుడొకరి కోసం ప్రత్యేకంగా చేయించిన చక్రాల కుర్చీ అక్కడ ఉంది. దాని చెయ్యి ఒకటి పక్కకు తెరుచుకుంటుందని బోర్డు మీద చదివిన గుర్తు. యాదయ్య భార్యకు నడుము కింద చచ్చుబడింది. మంచం ఎక్కాలంటే రోజూ ఎవరో ఒకరు ఎత్తాలి.

కుర్చీ చుట్టూ కట్టిన తాడు మీద నుంచి యాదయ్య వంగి కొలత టేపు చాపగానే కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు.

"ఏందది? పెద్దాయన కుర్చీ, ముట్టొద్దు!"

"ముట్టనన్నా, జర కొలత తీస్కుంట. మా ఇంటామెకు గిట్లాంటిదే చెయ్యాలె. చెయ్యి తెరిస్తె ఎవ్వలు ఎత్తకుండ ఆమెనే పక్కకు జరిగి మంచమెక్కాలె."

కాపలాదారు తానే తాడు దాటి వెళ్లి, కుర్చీ చేతిని మెల్లగా తెరిచి పట్టుకున్నాడు.

"నువ్ ముట్టకు. నేను పట్టుకుంట, జల్ది కొలుసుకో."

ఆ కుర్చీని అంతకుముందు మూడుసార్లు చూశాను. ప్రతిసారీ బోర్డు చదివి, అందులో ఎవరు కూర్చున్నారో తెలుసుకుని వచ్చేశాను. ఆయన అందులోంచి ఎలా దిగేవారో యాదయ్య తన భార్య సంగతి చెప్పేదాకా నాకు తట్టనే లేదు.

నిబంధన తప్పిన ఆ కాపలాదారును మీరైతే ఏమంటారు?